ఇరవై నాలుగ్గంటల కౌలు

గీతలన్నీ నిండుగానే ఉన్నాయి.
కింద మాత్రం సన్నటి అక్షరాల్లో ఒక మాట:
కనెక్టయింది గానీ, ఇంటర్నెట్ లేదు.

భీమవరం ఆఫీసునుంచి నిన్న రాత్రే తెచ్చుకున్న లాప్‌టాప్.
ఆరులోపు పద్నాలుగు చెరువుల లెక్కలు పంపాలి,
ఉప్పదనం, ఆక్సిజన్, అమ్మోనియా.
ఏడో నంబరు చెరువులో తెల్లారుజామున
రొయ్య పైకి తేలిందట.
ఆ ఒక్క అంకె కోసం అక్కడెవరో కాచుక్కూచున్నారు.

రూటర్ ప్లగ్గు పీకాను. ముప్పై లెక్కపెట్టాను.
మళ్లీ పెట్టాను.
పచ్చదీపాలు ఒక్కొక్కటే లేచాయి,
చివరిది కాస్త బద్ధకంగా.
వైఫైని మర్చిపొమ్మని చెప్పి, మళ్లీ పరిచయం చేశాను.
పాస్‌వర్డ్ మా పాత గేదె పేరు, చివర రెండు సున్నాలు.
కేబుల్ దుర్గబాబుకి ఫోన్ చేస్తే
"మావైపంతా బానే ఉందండి, ఆయ్" అన్నాడు.
వాళ్లవైపు ఎప్పుడూ బానే ఉంటుంది.

కింద వాటాలో అద్దెకుండే ఏసుపాదం గారు
మజ్జిగ్గిన్నె తిరిగివ్వడానికొచ్చి గుమ్మంలో ఆగారు.
ముప్పై రెండేళ్లు కాలవమీద లస్కరు.
కంప్యూటర్ ముట్టుకున్న మనిషి కాదు.

"నీ ఫోనుకి వత్తందా?"
వస్తోంది.
"టీవీకి?"
దానికీ వస్తోంది.
"అయితే కాలవలో నీరుంది పాపా.
ధవళేశ్వరం దాకా ఎల్లి తిట్టక్కర్లేదు.
నీ బోదె కాడ సూడు."

నల్లటి కిటికీ తెరిచి పిలవడం మొదలెట్టాను.
ముందు దాన్ని దానిచేతే పిలిపించాను. పలికింది.
మూడడుగుల దూరంలో ఉన్న రూటర్ని పిలిచాను.
నాలుగు పిలుపులు. నాలుగూ గాల్లో కలిశాయి.
"తూము మూసేసుందా?"
లేదండీ, తెరిచే ఉంది.
"మరి చేను ఎత్తయ్యుంటది."

ఒక దాళ్వాకి, అర్ధరాత్రి, శివారు రైతొకడు
నీళ్లొదల్లేదని ఆయన చొక్కా పట్టుకున్నాడట.
లాంతరు పట్టుకుని ఇద్దరూ గట్టంట నడిచి చూస్తే
మడి తూముకన్నా జానెడు ఎత్తు.
నీరు గుమ్మందాకా వచ్చి, తొంగిచూసి,
వెనక్కి పోతోంది.
"జానెడు" అన్నారు మళ్లీ, వేళ్లు చాపి,
ఆ కొలత ఇంకా చేతిలోనే ఉన్నట్టు.

సెట్టింగుల్లోకి వెళ్లాను. జానెడు దొరికింది.
పది, ఇరవై, నాలుగు, పదిహేడు.
రెండు వారాలు నేనక్కడ కూర్చున్నప్పుడు
ఆఫీసు కుర్రాడు చేత్తో రాసిపెట్టిన చిరునామా.
పొద్దుటినుంచి నా ముందుగదిలో కూర్చుని
ఇది ఇంకా భీమవరంలో
మూడో బల్లమీదే ఉన్నాననుకుంటోంది.
ఇక్కడ లేని గుమ్మాన్ని
ఇక్కడ నిలబడి తడుతోంది.

చేతిరాత చెరిపేసి, ఆటోమేటిక్ అని నొక్కాను.
ఒక ఊపిరంత ఆలస్యం.
తర్వాత రూటర్ చిట్టాలో కొత్త వరస పడింది:
లాప్‌టాప్ పేరు, చివర పదకొండుతో ఒక చిరునామా,
పక్కన గడువు, ఇరవై నాలుగు గంటలు.

"గడువేంటి?"
సొంతానికివ్వదండీ. కౌలుకిస్తుంది.
గడువు తీరేలోపు మళ్లీ అడిగి రాయించుకోవాలి.
"రాత్తదా? కాగితం మీద రాసినట్టే?"
ఇదిగో, పేరూ గంటా నిమిషంతో సహా.

కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
తెరమీదికి వంగి చాలాసేపు చూశారు.
"మా అయ్య ఎకరన్నర చేశాడు, నలభయ్యేళ్లు.
ఏ ఏటి కౌలు ఆ ఏడే.
పేరెక్కడా రాయలేదు."

ఫైలు వెళ్లిపోయింది.
ఏడో చెరువు: ఆక్సిజన్ రెండు పాయింట్ ఎనిమిది.
నిమిషంలో జవాబొచ్చింది, వెంటనే ఏరేటర్లు వేయించమని.
రైతుకి ఫోన్ కలుపుతూ తలెత్తితే
ఏసుపాదం గారు మెట్లు దిగుతున్నారు,
మజ్జిగ్గిన్నె చేతిలోనే ఉంది.